బ్యాక్‌స్వింగ్‌లో తిరగవలసినది ఏది?

ఈ నెల ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే ఇబ్బందిని రకరకాల మాటలలో చెబుతున్నాయి: గోల్ఫ్ బ్యాక్‌స్వింగ్‌లో, అంటే బంతిని కొట్టే ముందు క్లబ్‌ను (ఆడే కర్రను) వెనక్కి ఎత్తేటప్పుడు, భుజాలు చాలినంత తిరగడం లేదు. రాయగడ, కోరాపుట్, గజపతి, గంజాం జిల్లాల తెలుగువారిలో ఈ ఆట ఆడేవారు తక్కువే అయినా, ఆడేవారు ఎంత శ్రద్ధగా ఆడుతున్నారో ఆ ఉత్తరాలు చూస్తే తెలుస్తుంది. వారిలో చాలామందికి అందుబాటులో శిక్షకుడు లేడు. అందువల్ల ఈసారి మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి, చోటంతా ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. జవాబులన్నీ కుడిచేతి వాటం వారిని దృష్టిలో పెట్టుకొని రాసినవి; ఎడమచేతి వాటం వారు కుడి ఎడమలను మార్చి చదువుకోవాలి.

ప్రశ్న: నా వయసు 61. కాగితం మిల్లులో పని చేసి రిటైరయ్యాను. నెలకొకసారి రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి ఆడతాను. మిగతా రోజులలో పెరట్లో వల కట్టుకొని కొడతాను. మా అబ్బాయి ఫోన్‌లో తీసిన వీడియోలో నా చేతులు తలపైకి వెళ్ళాయి గానీ ఛాతీ ఇంకా బంతి వైపే ఉంది. కొట్టిన బంతి బలం లేకుండా లేచి కుడివైపుకు వంపు తిరిగి పోతుంది. అందరూ భుజం తిప్పమంటారు. నేను తిప్పుతూనే ఉన్నాననుకుంటున్నాను. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మీరు తిప్పుతున్న మాట నిజమే, తిప్పమన్నవారి మాటా నిజమే; చిక్కంతా ‘భుజం’ అనే పదంలో ఉంది. మన సరిహద్దు ఊళ్ళలో ఆట నేర్పే మాటలు సగం హిందీలోనూ, సగం ఒడియాలోనూ, మిగిలినవి ఇంగ్లీషులోనూ చెవిన పడతాయి. ‘కంధా’ అన్నా, ‘కాంధ’ అన్నా, ‘షోల్డర్ టర్న్’ అన్నా వినేవాడి మనసు చేయి మొండేనికి అతుక్కున్న ఆ కీలు దగ్గరకే పోతుంది. పైగా మన వైపు భుజం నుంచి వేళ్ళ దాకా కలిపి ‘రెక్క’ అనడం అలవాటు. దాంతో భుజం తిప్పమంటే రెక్కలు ఎత్తుతాము. రెక్కాడితే గాని డొక్కాడదన్న సామెత బతుకు విషయంలో ఎంత నిజమైనా, గోల్ఫ్‌లో రెక్కల కష్టం ఒక్కటే ఫలించదు.

ఒకసారి అద్దం ముందు నిటారుగా నిలబడి, రెండు అరచేతులూ కలిపి, ఛాతీని ఏమాత్రం కదపకుండా చేతులను కుడి చెవి పక్కకు ఎత్తి చూడండి. ఏ ఇబ్బందీ లేకుండా వెళ్ళిపోతాయి. భుజపు కీలు అంత స్వేచ్ఛగా కదిలేది కాబట్టి, ఛాతీ తిరగకపోయినా చేతులు పైకి చేరుకుంటాయి, చేరుకున్నాయి కాబట్టి తిరిగామని మనం నమ్ముతాము. మీ అబ్బాయి తీసిన వీడియోలో కనిపించినది ఇదే. గోల్ఫ్‌లో భుజాలు తిరగడమంటే కుడి భుజం కొసనూ ఎడమ భుజం కొసనూ కలుపుతూ గీసిన ఒక ఊహా రేఖ తిరగడం. బంతి ముందు నిలబడినప్పుడు ఆ రేఖ లక్ష్యం వైపు పోయే దారికి ఇంచుమించు సమాంతరంగా ఉంటుంది. ఆరితేరిన ఆటగాళ్ళలో బ్యాక్‌స్వింగ్ పూర్తయ్యే సరికి అది సుమారు 90 డిగ్రీలు తిరిగి, వీపు లక్ష్యాన్ని చూస్తుంది. ఆ 90లో తుంటి వంతు సుమారు 45, ఆ పైన మొండెం వంతు మిగిలిన సగం.

ఆ మిగిలిన సగం ఎక్కడి నుంచి వస్తుందో తెలియక చాలామంది నడుమును మెలిపెడతారు. నడుము దగ్గర ఉన్న 5 వెన్నుపూసల కీళ్ళు ముందుకు వంగడానికీ వెనక్కి వాలడానికీ అనువుగా అమరినవి. అవన్నీ కలిసి ఒక పక్కకు సుమారు 10 డిగ్రీలకు మించి తిరగవు. వాటి పైన, పక్కటెముకలు అతుక్కొని ఉండే 12 పూసలు ఒక పక్కకు 30 నుంచి 35 డిగ్రీల దాకా తిరుగుతాయి. అందుచేత మీరు తిప్పవలసినవి వీపు పైభాగమూ, దానితో పాటు తుంటి కీళ్ళూ. భుజాలు ఆ వీపు మీద కూర్చొని ప్రయాణం చేస్తాయి, అంతే.

రాయగడ సంతకు కొండల మీది నుంచి కావడి మోసుకొని వచ్చేవారిని మీరు చూసే ఉంటారు. వెదురు బద్ద భుజం మీద ఉంటుంది, రెండు కొసలకూ బరువు వేలాడుతూ ఉంటుంది. దారిలో ఎవరైనా పక్క నుంచి పిలిస్తే అతడు మెడ ఒక్కటే తిప్పడు, చేతులతో బద్దను తోయడు. పాదం కొద్దిగా మళ్ళుతుంది, మోకాలు సడలుతుంది, తుంటీ ఛాతీ కావడీ ఒకే ముద్దగా తిరుగుతాయి. బద్ద మీద వేసిన చేయి దానిని నిలబెట్టడానికే తప్ప తిప్పడానికి కాదు. నేను ఎవరికైనా బ్యాక్‌స్వింగ్ చెప్పవలసి వచ్చినప్పుడు మొదట ఈ మనిషినే గుర్తు చేస్తాను, ఎందుకంటే క్లబ్‌ను పట్టుకున్న చేతులు చేయవలసిన పని కూడా అంతే.

ఇక మీ లోపం శరీరపు బిగువా, అలవాటా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి ఒక కుర్చీ, ఒక కర్ర, ఒక సుద్దముక్క చాలు. కుర్చీ అంచున నిటారుగా కూర్చొని, మోకాళ్ళూ పాదాలూ దగ్గరకు చేర్చండి. కర్రను కంఠపు ఎముకల కింద అడ్డంగా పెట్టి, రెండు చేతులూ ఛాతీ మీద కత్తెరలా వేసి పట్టుకోండి. కుర్చీకి రెండు పక్కలా నేల మీద 45 డిగ్రీల గీతలు ముందే గీసి ఉంచండి. మోకాళ్ళు కదలకుండా ఒక పక్కకూ, తరువాత రెండో పక్కకూ నెమ్మదిగా తిరిగి, కర్ర గీత దాకా వస్తోందో లేదో ఇంట్లోవారిని చూడమనండి. వస్తే మీ వీపు బాగానే ఉంది, మీరు దానిని వాడడం లేదు. ఎంత ప్రయత్నించినా 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతే బిగువు నిజమైనది. ఈ శీర్షిక చివరన గుణుపురం పాఠకుడికి చెప్పిన వ్యాయామాలు మీకూ అవసరం.

అదే కుర్చీ మీద మరొక చిన్న పరీక్ష చేయండి. వీపును గూనిలా వంచి కూర్చొని తిరిగి చూడండి, తరువాత నిటారుగా కూర్చొని తిరిగి చూడండి. గూనిగా ఉన్నప్పుడు ఎంతో ముందుగానే ఆగిపోతారు. బంతి ముందు నిలబడేటప్పుడు మనలో చాలామంది, ముఖ్యంగా బల్ల ముందు కూర్చొని ఉద్యోగం చేసినవారు, నడుము పై నుంచి వంగి భుజాలను ముందుకు కుంగదీస్తారు. వంగవలసినది తుంటి దగ్గర. పిరుదులు వెనక్కి పోవాలి, వీపు చదునుగా ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు. నేను చూసినంతలో, నిలబడే తీరు ఒక్కటి సరిదిద్దగానే ఏ వ్యాయామమూ లేకుండా భుజాలు అప్పటికప్పుడు మెరుగుగా తిరిగినవారు ఎందరో ఉన్నారు.

మీ వయసుకు ఇంకొక మాట. తుంటిని కదలనివ్వకుండా పైభాగాన్ని మాత్రమే తిప్పాలన్న ఉపదేశాన్ని మీరు పట్టించుకోవద్దు. కుడి పాదం వేళ్ళను 15, 20 డిగ్రీలు బయటికి తిప్పి నిలబడండి; కుడి తుంటి కీలుకు వెనక్కి పోవడానికి చోటు దొరుకుతుంది. పాదాల మధ్య ఎడం కొంచెం తగ్గించండి. కుడి మోకాలు బిగుసుకుపోకూడదు గానీ, ఉన్న వంపులో కొంత విడిచిపెట్టవచ్చు. అప్పటికీ చాలకపోతే ఎడమ మడమను నేల నుంచి ఒక అంగుళం లేవనివ్వండి. మడమ లేపడం తప్పని ఎవరైనా అంటే, 1930లో ఆ కాలపు నాలుగు ప్రధాన పోటీలనూ ఒకే ఏడాదిలో గెలిచిన బాబీ జోన్స్ మడమ లేపేవాడనీ, మేజర్లనే అతి పెద్ద పోటీలలో 18 టైటిళ్ళు గెలిచి, వాటిలో చివరిది 1986లో 46 ఏళ్ళ వయసులో సాధించిన జాక్ నిక్లాస్ కూడా లేపేవాడనీ చెప్పండి. అయితే మడమను మీరు ఎత్తకూడదు. తుంటి తిరుగుతూ మోకాలిని లాగితే, మోకాలు మడమను లాగాలి. తిరగకుండా మడమ ఎత్తడం వల్ల ప్రయోజనం లేదు.

బంతి కుడివైపుకు వంపు తిరగడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఛాతీ తిరగకుండా చేతులు నిట్టనిలువుగా పైకి వెళితే, కిందికి వచ్చేటప్పుడు వాటికి మిగిలే దారి శరీరానికి ముందు వైపు నుంచే. అప్పుడు క్లబ్ బయటి నుంచి లోపలికి బంతిని కోస్తూ పోతుంది. ఆ దారితో పోలిస్తే క్లబ్ ముఖం తెరుచుకొని ఉండడం వల్ల బంతికి కుడివైపు గింగిరం పడుతుంది. వీపు తిరిగినప్పుడు చేతులు కుడి భుజానికి వెనుక చేరుకొని, లోపలి నుంచి దిగడానికి దారి దొరుకుతుంది. ఇలా కుడివైపుకు వంపు తిరిగే స్లైస్‌ను పోగొట్టుకోవడానికి గ్రిప్ (క్లబ్ పట్టుకునే తీరు) మార్చే ముందు ఈ సంగతి చూసుకోండి.

పెరట్లో సాధన ఇలా చేయండి. ముందు క్లబ్ లేకుండా, కర్రను ఛాతీకి అడ్డంగా పట్టుకొని, ఆడే భంగిమలో వంగి, కర్ర ఎడమ కొస బంతి ఉన్న చోటుకు కొంచెం అవతలి నేలను చూపే దాకా పదిసార్లు తిరగండి. కర్ర నేలకు సమాంతరంగా తిరిగితే మీరు లేచి నిలబడుతున్నారని అర్థం. మొండెం ముందుకు వంగి ఉంది కాబట్టి ఎడమ భుజం గడ్డం కిందికి, కొంత దిగువకు రావాలి. అలాగని ఎడమ భుజాన్ని కావాలని కిందికి తోస్తే అది వంగడమే అవుతుంది గానీ తిరగడం కాదు. అందుకే నేను ఎడమ భుజం సంగతి మరచిపోయి, కుడి భుజం వెనక్కి పోవాలనీ, పాంటు కుడి జేబు దానితోపాటే వెనక్కి పోవాలనీ తలచుకోమంటాను. తరువాత మధ్యస్థ దూరానికి వాడే 7 నంబరు ఐరన్ క్లబ్‌తో బ్యాక్‌స్వింగ్ పూర్తి చేసి, అక్కడే ఒక్క క్షణం ఆగి, ఎడమ భుజం గడ్డం కింద ఉందో లేదో చూసుకొని, సగం బలంతోనే కొట్టండి. ముప్పై బంతులు ఇలా ఆగి కొట్టిన తరువాత గానీ ఆగకుండా కొట్టవద్దు. వల ముందు సాధన చేయడంలో ఒక లాభం ఉంది: బంతి ఎక్కడ పడిందన్న ఆరాటం ఉండదు.

ప్రశ్న: నా వయసు 33. శరీరం బాగానే వంగుతుంది. తుంటిని బిగబట్టి భుజాలను ఎంత ఎక్కువ తిప్పితే బంతి అంత దూరం పోతుందని ఒక వీడియోలో విని, ఆరు నెలలుగా అదే చేస్తున్నాను. దూరం పెరగలేదు. ఆట మర్నాడు నడుము కింది భాగంలో కుడి పక్క నొప్పి వస్తోంది. వదిలేయమంటారా?
— ఒక పాఠకుడు, సునాబేడ

జవాబు: బిగబట్టడం వదిలేయండి, తిరగడం వదలవద్దు. మీరు విన్నదానికి ఒక చరిత్ర ఉంది. అమెరికా శిక్షకుడు జిమ్ మెక్లీన్ 1992లో భుజాలు తిరిగిన కోణానికీ తుంటి తిరిగిన కోణానికీ మధ్య ఉన్న తేడాకు ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అని పేరు పెట్టి, దూరం కొట్టేవారిలో ఆ తేడా ఎక్కువగా ఉందని రాశారు. ఆ పరిశీలనలో పస ఉంది. కింది భాగం నిలకడగా ఉండి పై భాగం దాని మీద తిరిగితే కండరాలు సాగి బలం నిలవ చేసుకుంటాయి. అయితే ఆ మాట నోళ్ళలో నలిగి నలిగి, తుంటి కదలనే కూడదన్న ఆజ్ఞగా మారిపోయింది. తుంటి కదలకపోతే ఆ తిప్పును 10 డిగ్రీలు మించి తిరగలేని నడుము పూసలు భరించాలి. మీ నొప్పికి అదే కారణమై ఉండవచ్చు.

చోళ్ళు విసిరే తిరగలిని చూడండి. కింది రాయి బరువుగా నిలిచి ఉంటుంది, పై రాయి తిరుగుతుంది, రెండింటినీ కలిపేది నడిమి మేకు. మేకు నిలువుగా ఉన్నంతసేపూ పై రాయి హాయిగా తిరుగుతుంది. మేకు ఒక పక్కకు ఒరిగితే రాయి ఒక అంచున రాసుకొని, పిండి బరకగా పడుతుంది, విసిరేవారి చేయి నొప్పి పెడుతుంది. మీ వెన్నెముకే ఆ మేకు. అది బ్యాక్‌స్వింగ్‌లో రెండు రకాలుగా ఒరుగుతుంది. మొదటిది, తుంటి తిరగడానికి బదులు కుడి పాదం దాటి పక్కకు జరగడం. రెండవది ఇంకా హానికరమైనది: తుంటి కుడివైపుకు జరిగి, దాన్ని సరిదిద్దుకోవడానికన్నట్టు పై మొండెం లక్ష్యం వైపు వాలడం. ఈ రెండవ భంగిమ నుంచి కిందికి కొట్టినప్పుడు నడుము కుడి పక్కన కీళ్ళు ఒకదానినొకటి నొక్కుకుంటాయి. మీరు కుడి పక్క అని ప్రత్యేకంగా రాశారు కాబట్టి, ఒక వీడియోను ఎదుటి నుంచి తీయించుకొని ఈ రెండవ దోషం ఉందేమో తప్పక చూసుకోండి. బ్యాక్‌స్వింగ్ కొసన మీ మెడ నడుము కంటే లక్ష్యానికి దగ్గరగా కనిపిస్తే ఆ దోషం ఉన్నట్టే.

దీనికి మంచి గురువు ఇంటి గోడ. పిరుదులు రెండూ గోడకు తాకేటట్టు ఆడే భంగిమలో వంగి నిలబడి, చేతులు ఛాతీ మీద వేసుకొని బ్యాక్‌స్వింగ్‌లాగా తిరగండి. కుడి పిరుదు గోడను ఇంకా గట్టిగా నొక్కాలి, ఎడమది గోడను వదలాలి. కుడిది గోడ వెంట పక్కకు జారితే మీరు తిరగడం లేదు, జరుగుతున్నారు. గోడ దగ్గర సరిగా వచ్చిన తరువాత, ఆరుబయట కుడి తుంటికి నాలుగు వేళ్ళ ఎడంగా ఒక కర్రను నేలలో నిలువుగా పాతి, దానికి తగలకుండా బ్యాక్‌స్వింగ్ చేయండి. బరువు కుడి పాదం లోపలి అంచు మీద, మడమ వైపుగా తెలియాలి. చిటికెన వేలు వైపు పోతే మళ్ళీ గోడ దగ్గరకు వెళ్ళాలి.

మీ ఊరి చలిని కూడా లెక్కలోకి తీసుకోండి. కోరాపుట్ కొండల మీద డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఒళ్ళు ఎలా బిగుసుకుపోతుందో మీకు చెప్పనవసరం లేదు. కారు దిగగానే డ్రైవర్ అనే పొడవాటి క్లబ్ తీసి బంతిని బలంగా కొట్టేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. పది నిమిషాలు వేగంగా నడిచి, చిన్న క్లబ్‌తో సగం స్వింగ్‌లు చేసి, ఆ తరువాతే పెద్ద క్లబ్ ముట్టుకోండి. నొప్పి తగ్గే వరకు పూర్తి స్వింగ్ మానండి. నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరి వచ్చినా, రెండు వారాలు దాటినా వైద్యుడికి చూపించుకోవాలి. అక్కడ నా సలహా పనికిరాదు. నడుము విషయంలో ఎందుకింత పట్టుపడుతున్నానంటే, టైగర్ వుడ్స్ అంతటివాడు 2017లో నడుము కింది భాగపు పూసలను అతికించే శస్త్రచికిత్స దాకా పోవలసి వచ్చింది. 2019లో ఆయన మళ్ళీ మాస్టర్స్ అనే మేజర్ పోటీ గెలిచాడన్నది ఎంత సంతోషకరమైనా, ఆ దారి మనకు అక్కరలేదు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థినిని. సెలవుల్లో మామయ్యగారి ఊరు వెళ్ళినప్పుడు గోల్ఫ్ నేర్చుకున్నాను. బ్యాక్‌స్వింగ్ కొసన క్లబ్ నేలకు సమాంతరంగా రావాలంటారు. నాది అంత దూరం రాదు. రప్పించాలని చూస్తే ఎడమ మోచేయి వంగిపోతోంది. నాది చిన్న స్వింగ్ అని అందరూ అంటున్నారు. ఇది లోపమా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: లోపం కాదమ్మా. స్పెయిన్ ఆటగాడు జాన్ రామ్ కుడి పాదం వంకరతో పుట్టాడు. పసితనంలోనే దాన్ని సరిచేసినా ఆ చీలమండ బాగా కదలదు. అందువల్ల తన బ్యాక్‌స్వింగ్ పొట్టిగా ఉంటుందని ఆయనే చెప్పాడు. ఆ పొట్టి స్వింగ్‌తోనే 2021లో యు.ఎస్. ఓపెన్, 2023లో మాస్టర్స్ గెలిచాడు. ఆయన క్లబ్ సమాంతరానికి ఎంతో ముందే ఆగిపోతుంది, వీపు మాత్రం తిరిగే ఉంటుంది. మీ మోచేయి వంగిన తరువాత క్లబ్ పోయే దూరంలో తిరగడం అన్నది ఏమీ లేదు, చేతులు మడత పడడమే ఉంది. కాబట్టి వీపు తిరగడం ఆగిన చోటే చేతులనూ ఆపండి. ఎడమ చేయి కర్రలా బిగియనక్కరలేదు, చాచి ఉంటే చాలు. ఇక దూరం గురించి బెంగ పెట్టుకుంటే, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌ను గుర్తు చేసుకోండి. మన అదితి అశోక్ దూరం కొట్టడంలో పేరు పడిన ఆటగత్తె కాదు. అయినా ఒక్క స్ట్రోకు, అంటే ఒక్క దెబ్బ తేడాతో పతకం తప్పిపోయి నాలుగవ స్థానంలో నిలిచింది.

ప్రశ్న: బంతి మీది నుంచి చూపు మళ్ళకూడదు, తల కదలకూడదు అని నేర్చుకున్నాను. తలను గట్టిగా ఆపితే భుజం గడ్డానికి తగిలి ఆగిపోతోంది, మెడ పట్టేస్తోంది. తలను వదిలితే బంతి సరిగా తగలదు. నా వయసు 52. ఏది మానుకోవాలి?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: తలను గట్టిగా ఆపడం మానుకోవాలి. ఈ ఒక్క ఉపదేశం పాడు చేసినన్ని బ్యాక్‌స్వింగ్‌లను మరేదీ పాడు చేయలేదని నా గట్టి నమ్మకం. నాకు మొదట ఆట నేర్పినాయన ఎదుట నిలబడి, తన క్లబ్ పిడిని నా నుదుటికి ఆనించి పట్టుకొని కొట్టించేవారు. ఆయన మంచి మనసుతోనే చేశారు. కానీ ఆ పిడి నుదుటిని తాకినప్పుడల్లా నా మెడ నుంచి వీపు దాకా అంతా గడ్డకట్టినట్టయ్యేది. రెండేళ్ళపాటు నేను చేతులతోనే బంతిని కొట్టాను, ఆ అలవాటు వదిలించుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

చూపు నిలవడం వేరు, తల గడ్డకట్టడం వేరు. తల కొద్దిగా కుడివైపుకు తిరగవచ్చు, ఒకటి రెండు అంగుళాలు కుడివైపుకు జరగవచ్చు కూడా. జాక్ నిక్లాస్ అయితే స్వింగ్ మొదలుపెట్టే ముందే గడ్డాన్ని కుడివైపుకు తిప్పి పెట్టుకునేవాడు. ఆ ఒక్క పని మీరూ చేసి చూడండి: బంతి ముందు నిలబడిన తరువాత, ఎడమ కంటితో బంతిని చూస్తున్నట్టుగా గడ్డాన్ని కొంచెం కుడివైపుకు తిప్పండి. ఎడమ భుజానికి దాని కిందికి రావడానికి దారి ఏర్పడుతుంది. గడ్డం ఛాతీకి ఆనుకొని ఉంటే దాన్ని కొంచెం పైకి ఎత్తండి.

తల ఎంత కదులుతోందో చూసుకోవడానికి గోపాలపురం వైపు ఇసుక మీద పొద్దున్నే ఎండలో నిలబడితే చాలు. సూర్యుడు వీపు వెనుక ఉండేటట్టు నిలబడి, మీ తల నీడ మధ్యలో ఒక బంతిని పెట్టి, క్లబ్‌తో నెమ్మదిగా బ్యాక్‌స్వింగ్ చేస్తూ నీడనే చూడండి. బంతి నీడలోనే ఉంటే ఆ కదలిక వల్ల హాని లేదు. నీడ బంతిని పూర్తిగా వదిలి కుడివైపుకు పోతే మీరు తిరగకుండా పక్కకు జరుగుతున్నారు. ఎడమవైపుకు పోతే లక్ష్యం వైపు వాలుతున్నారు, అది ఇంకా ముందుగా సరిచేసుకోవలసినది. పిడికిలి కూడా గమనించండి. మెడ బిగించేవారు గ్రిప్‌ను కూడా బిగిస్తారు, ముంజేతుల బిగువు భుజాల దాకా పాకుతుంది. కోడిపిల్లను పట్టుకున్నంత సున్నితంగా, అది జారిపోనంత జాగ్రత్తగా పట్టుకుంటే చాలు.

ప్రశ్న: మా ఊళ్ళో జిమ్ లేదు. వీపు తిరగడం పెరగడానికి ఇంట్లో చేసుకోదగిన వ్యాయామాలు చెప్పగలరా? ఎంతకాలానికి ఫలితం కనిపిస్తుంది?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: జిమ్ అవసరమే లేదు, ఒక చాప చాలు. చాప మీద ఎడమ పక్కకు తిరిగి పడుకొని, మోకాళ్ళను తొంభై డిగ్రీలు ముడిచి ఒకదాని మీద ఒకటి పెట్టండి. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు కలపండి. ఇప్పుడు కుడి చేతిని మాత్రం పైకెత్తి, పుస్తకం అట్ట తెరిచినట్టు వీపు వెనుకకు తెరవండి; చూపు ఆ చేతి వెంట పోవాలి, మోకాళ్ళు మాత్రం విడిపోకూడదు. మోకాళ్ళు లేచిన క్షణం నుంచి తిరిగేది వీపు కాదు, నడుము. ఊపిరి వదులుతూ తెరిచి, రెండు మూడు శ్వాసల సేపు అక్కడే ఉండి వెనక్కి రండి. ఒక్కో పక్కకు ఎనిమిదిసార్లు చేయాలి. గోల్ఫ్ ఒక పక్కకే తిరిగే ఆట కాబట్టి రెండో పక్కను నిర్లక్ష్యం చేయవద్దు. బంతిని కొట్టిన తరువాత శరీరం తిరగవలసినది ఆ పక్కకే.

రెండవది, మోకాళ్ళ మీదా అరచేతుల మీదా ఉండి, పిరుదులను మడమల మీదికి దించి కూర్చున్నట్టు చేసి, ఒక చేతిని తల వెనుక పెట్టుకొని ఆ మోచేతిని ఆకాశం వైపు తిప్పడం. పిరుదులు మడమల మీద ఉండడం వల్ల నడుము కదలదు, తిప్పవలసిన పని వీపు పైభాగానికే పడుతుంది. మూడవది తుంటికి: కుర్చీలో కూర్చొని, మోకాలిని కదపకుండా పాదాన్ని బయటి వైపుకు నెమ్మదిగా తీసుకుపోవడం. బ్యాక్‌స్వింగ్‌లో కుడి తుంటి కీలు చేసే పని అదే. రెండు కాళ్ళకూ పదేసిసార్లు చేయండి.

ఇవన్నీ కలిపి పది నిమిషాల పని. వారానికొకసారి గంటసేపు చేయడం కంటే రోజూ పది నిమిషాలు చేయడమే కీళ్ళకు నచ్చుతుంది. ఉదయం కంటే సాయంకాలం ఒళ్ళు వెచ్చగా ఉన్నప్పుడు చేస్తే సులువు. కుదుపుతో లాగవద్దు. ఫలితం ఎప్పుడన్నది వయసును బట్టీ బిగువును బట్టీ ఉంటుంది, అందుకే రోజులు లెక్కపెట్టకుండా కొలత పెట్టుకోమంటాను. రాయగడ పాఠకుడికి చెప్పిన కుర్చీ పరీక్షను ఈరోజే చేసి, కర్ర కొస ఎక్కడ ఆగిందో నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, పక్కన తారీఖు వేయండి. నాలుగు వారాల తరువాత అదే కుర్చీని అదే చోట వేసి మళ్ళీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య ఎడం ఎంత ఉందో ఉత్తరంలో రాస్తే, తరువాత ఏమి చేయాలో వచ్చే సంచికలలో చెబుతాను.